అక్షరం చదవడానికేనా?

మన క్లబ్‌లో ఛందస్సు గురించి రాసుకున్నాం, కథల గురించి రాసుకున్నాం. అక్షరం ఆకారం గురించి మాత్రం ఎవరూ రాయలేదు. నేను చేసిన ఒక తప్పు వల్ల ఈసారి అది రాస్తున్నా.

మా నాన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షాపులకి బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టేశారు. పోయిన నెల బాబాయి కిరాణా షాపుకి ఫ్లెక్సీ నేనే డిజైన్ చేశా. పై వరుసలో 'శ్రీ లక్ష్మీ', కింద 'కిరాణా'. నాన్న చూసి, "చదవడానికి వస్తోందిరా, చూడ్డానికే బాలేదు" అన్నారు.

లోపం ఎక్కడంటే, వరుసల మధ్య ఇంగ్లీషుకి సరిపోయేంత గ్యాపే ఇచ్చా. తెలుగు అందులో ఒదగదు. 'క్ష్మీ' చూడండి: పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. అవి వెళ్లి 'కిరాణా' నెత్తిన కూర్చున్నాయి. నాన్నైతే ముందు సుద్దతో గీతలు కొట్టి, వత్తులకి చోటు వదిలి, ఆ తర్వాతే రంగు ముట్టేవారు. 'శ్రీ'లో క్రారవడిని ఊయలలా సాగదీసేవారు.

బాపు (1933–2014) బొమ్మలతో పాటు పుస్తకాల అట్టల మీద అక్షరాలూ తన చేత్తోనే రాశారు. బొమ్మలో ఉన్న గీతే అక్షరంలోనూ కనిపిస్తుంది. ఆ దస్తూరి తర్వాత ఫాంటుగానూ వచ్చింది. కానీ మామూలుగా ఫాంటులో ప్రతి 'క' ఒకేలా ఉంటుంది. చేత్తో రాసిన 'క' పక్క అక్షరాన్ని చూసి సర్దుకుంటుంది.

జపాన్‌లో హాకు మాకి (1924–2000) అనే ప్రింట్ ఆర్టిస్టు ఇంకో అడుగు ముందుకేశాడు. తడి సిమెంటులో కంజి అక్షరాలు చెక్కి, దానిమీద కాగితం ఒత్తి అచ్చు తీసేవాడు. అక్షరం కాగితంపై ఉబ్బెత్తుగా నిలబడేది. ఆకారాన్ని తనకి నచ్చినట్టు మార్చేవాడు కూడా. అక్కడ అక్షరమే బొమ్మ. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు, అయినా ఆ ప్రింట్ల ఫొటోలు చూస్తూ ఉండిపోయా. నాన్న మాట అప్పుడు అర్థమైంది.

మీరూ ఒక పని చేయండి. మీ పేరు స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసి, కాగితం తలకిందులుగా తిప్పండి. అర్థం పక్కకి పోయి ఆకారం మిగులుతుంది. ఎక్కడ ఇరుకో, ఎక్కడ ఖాళీయో ఇట్టే తెలుస్తుంది.

ఫ్లెక్సీ మళ్లీ చేశా. ఈసారి ఫాంటు వాడలేదు. నాన్న కుంచె కడిగి కాగితం మీద రాసిచ్చారు, నేను స్కాన్ చేశా. 'శ్రీ' రాసేటప్పుడు చెయ్యి కాస్త వణికింది. ఆ వణుకుని కంప్యూటర్‌లో సరిచేయలేదు.