పసిపాపతో థాయ్ కేఫ్‌కి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పాప పుట్టాక బయట తినడమే మానేశామని, వీధి చివర థాయ్ ఫ్యూజన్ కేఫ్‌ పెట్టినా గుమ్మం తొక్కే ధైర్యం చాలడం లేదని రాశావు. ఆస్ట్రేలియాలో తల్లులైన మన ఆడపిల్లల్లో చాలామందిది ఇదే మాట. 2021 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలు. పురిటికి వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో వీసా గడువు తీరి విమానం ఎక్కగానే ఆ ఇళ్లలో బాలింత ఒంటరిదైపోతుంది. అలాంటి తల్లి బిడ్డను ఎత్తుకుని నలుగురిలో కూర్చుని ఓ పూట తినడం విలాసం కాదు, అవసరం.

బిడ్డ ఏడిస్తే, పాలివ్వాల్సి వస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్నది మొదటి బెంగ. 2003 ఫిబ్రవరిలో విక్టోరియా శాసనసభలో కిర్‌స్టీ మార్షల్ అనే సభ్యురాలు పదకొండు రోజుల పాపకు పాలిస్తుంటే, సభ్యులు కానివాళ్లు లోపల ఉండకూడదన్న నిబంధన చూపి బయటికి పంపారు. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. 2017 మే నెలలో సెనెటర్ లారిసా వాటర్స్ ఏకంగా ఫెడరల్ పార్లమెంటులోనే కూతురికి పాలిచ్చింది, ఎవరూ అడ్డు చెప్పలేదు. 1984 నాటి లింగ వివక్ష నిరోధక చట్టానికి 2011లో చేసిన సవరణ, పాలిచ్చే తల్లిపట్ల వివక్షను విడిగా పేర్కొని నిషేధించింది. కేఫ్‌లో పాలిస్తున్న తల్లిని లేచి వెళ్లమనే హక్కు యజమానికి లేదు.

థాయ్ వంట అక్కడ కొత్తదేమీ కాదు. సిడ్నీ హేమార్కెట్‌లో క్యాంప్‌బెల్ వీధి చుట్టుపక్కల ప్రాంతాన్ని థాయ్ టౌన్ అనే పిలుస్తారు. చాట్ థాయ్ రెస్టారెంట్లు నడిపే కుటుంబం అక్కడే తమ థాయ్ కిరాణా కొట్టుతో కలిపి బూన్ కేఫ్ తెరిచి, కాఫీ పక్కన థాయ్ రుచుల శాండ్‌విచ్‌లు వడ్డించింది. ఫ్యూజన్ కేఫ్‌ అంటే దాదాపు ఇదే పద్ధతి.

అసలు జాగ్రత్త పళ్లెంలో ఉంది. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, రొయ్య, చేప, సోయా, నువ్వులు - ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన పదార్థాలలో చాలావరకు థాయ్ వంటలో కలగలిసి ఉంటాయి. బొప్పాయి సలాడ్ ఒక్కదానిలోనే వేరుశనగ, ఎండురొయ్య, ఫిష్ సాస్ మూడూ పడతాయి. మెల్‌బోర్న్‌లో జరిగిన హెల్త్‌నట్స్ అధ్యయనం 2011లో తేల్చిందేమిటంటే, ఏడాది నిండిన పిల్లల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక ఆహార ఎలర్జీ ఉంది. అలాగని దాచిపెట్టడం పరిష్కారం కాదు. లండన్‌లో 640 మంది పసివాళ్లమీద జరిపిన లీప్ అధ్యయనం 2015లో దీన్ని తిరగేసి చూపింది: ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకే పసితనంలో వేరుశనగ పెడితే, అయిదేళ్లు వచ్చేసరికి ఆ ఎలర్జీ వచ్చినవాళ్ల సంఖ్య చాలా వరకు తగ్గింది. అందుకే ఆస్ట్రేలియా వైద్యులు ఆరో నెల ప్రాంతంలో మొదలుపెట్టి, ఏడాది లోపే వేరుశనగ, గుడ్డు పెట్టమంటున్నారు. మన అన్నప్రాశన వేళే ఇంచుమించు అది.

అయితే ఆ మొదటి ముద్ద కేఫ్‌లో కాదు, ఇంట్లోనే, పగటిపూటే పెట్టాలి. పలుకులు లేని పీనట్ బటర్ పావు చెంచా గంజిలో కలిపి, ఒకసారికి ఒక్క కొత్త పదార్థం మాత్రమే. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్ని అడగాలి. మొహం వాచినా, దద్దుర్లు లేచినా ఆపేసి డాక్టర్ని కలవాలి. ఊపిరి ఆడక పోయినా, బిడ్డ వాలిపోయినా ఆలస్యం చేయకుండా అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. వేరుశనగ గింజలు మాత్రం అయిదేళ్లు నిండేదాకా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

కేఫ్‌లో ఏ వంటకంలో ఎలర్జీ తెచ్చే పదార్థాలేమున్నాయో అడిగితే చెప్పి తీరాలని ఆహార నిబంధనలే అంటున్నాయి, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఫిష్ సాస్ అంటేనే ఉప్పు, పసిపొట్టకు పనికిరాదు. సాస్‌లో తేనె ఉందేమో అడగాలి, ఏడాది లోపు పిల్లలకు తేనె బొట్టు కూడా పెట్టకూడదు. కారం సంగతి కూడా ఉంది: వేపుళ్లలో మిరపకాయ మానేయమంటే మానేస్తారు, కూరల్లో మాత్రం ముందే నూరిన ముద్ద పడుతుంది గనక తీసేయడం కుదరదు. బిడ్డకు సాదా జాస్మిన్ అన్నం, ఉడికిన గుమ్మడి ముక్క చాలు. లేదా ఇంటినుంచి పప్పన్నం పట్టుకెళ్లవచ్చు, చాలాచోట్ల అభ్యంతరపెట్టరు. ముద్దుగా తెచ్చిచ్చే బేబీచీనో నురగ పాలు మాత్రం ఏడాది దాటాకే. వేడి టామ్ యమ్ సూప్ గిన్నె బల్ల అంచున పెట్టనివ్వకూడదు, పాప చేతికి అందుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. కేఫ్‌ల వంటగదులు చాలావరకు మధ్యాహ్నం రెండు, మూడింటికే మూతపడతాయి. పదకొండింటికి వెళితే రద్దీ ఉండదు, గోడవారగా ప్రామ్ పెట్టుకోను చోటు దొరుకుతుంది. ఆదివారాలు బిల్లు మీద అదనపు వడ్డింపు ఉండేచోట్లు చాలా ఉన్నాయి. టిప్ తప్పనిసరి కాదు, కానీ కింద పడ్డ మెతుకులు ఏరి లేవడం మర్యాద.

పాపకు వేరుశనగ ఇంకా పెట్టకపోతే ముందు ఇంట్లో ఆ పని పూర్తిచెయ్యి. తరువాత వారంలోనే ఒక పనిరోజు చూసుకుని, ఫోన్ చేసి హై చెయిర్ ఉందో లేదో కనుక్కుని, అల్లుడు రాకపోయినా నువ్వూ పాపా బయలుదేరండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ