ఎడిటింగ్‌కి ఏ ల్యాప్‌టాప్? మూడు ఊళ్లు తిరిగి నేర్చుకున్న పాఠం



మన సంచికలో కథలు, కవితలతో పాటు చేతికి పనికొచ్చే పాఠం కూడా ఒకటి ఉంటే బాగుంటుందని మొన్న క్లబ్ మీటింగ్‌లో అనుకున్నాం. ఆ పని నా మీద పడింది. ప్రతి ఏడాది ఫ్రెషర్స్ డే అయిన వారానికే జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, వీడియో ఎడిటింగ్‌కి విండోస్ కొనాలా, మ్యాక్ కొనాలా?" ఈ మధ్య లినక్స్ గురించి అడిగేవాళ్లు కూడా పెరిగారు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది సూర్యాపేట. ల్యాప్‌టాప్ కోసం మా అమ్మ మహిళా సంఘంలో లోన్ తీసింది. చేతికి వచ్చింది 70 వేలు. డబ్బులు ఇస్తూ అమ్మ ఒకటే మాట అంది, "ఒక్కసారే కొంటం బిడ్డా, మంచిగ సూసుకొని కొను" అని. నేను చూసుకున్నవి మాత్రం యూట్యూబ్ వీడియోలు. వాటిలో అందరి ముందూ మ్యాకే ఉంది. నేను కూడా మ్యాక్ కొనేసేవాడినే. ఆ లోపల ఒక తప్పు చేశాను. ఈ పాఠం మొత్తం ఆ తప్పు నుంచే మొదలైంది.

ఆ తప్పు ఏంటంటే

మా బాబాయ్‌కి సూర్యాపేటలో పెళ్లిళ్ల వీడియో స్టూడియో ఉంది. సెలవుల్లో నేను అక్కడే పని నేర్చుకున్నాను. 2025 మే నెల, పెళ్లిళ్ల సీజన్. ఒక చీరకట్టు ఫంక్షన్ ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్క్ తీసుకుని కోదాడలో ఉండే మా సీనియర్ అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన దగ్గర మ్యాక్‌బుక్ ఎయిర్ ఉంది. హైలైట్స్ అక్కడ కట్ చేద్దామని నా ఉత్సాహం.

డిస్క్ పెట్టగానే ఫైళ్లన్నీ కనిపించాయి, ప్లే కూడా అయ్యాయి. కానీ ఎడిట్ చేసిన వీడియో అందులో సేవ్ చేద్దామంటే కావడం లేదు. అన్న బయటికి వెళ్లాడు. నేను ఫోన్‌లో వెతికితే డిస్క్‌ని 'ఎక్స్‌ఫ్యాట్'కి మార్చాలని ఎక్కడో చదివాను. మార్చడం అంటే మొత్తం చెరిపేయడం అని నాకు తెలియదనను. తెలుసు. కానీ ఫుటేజ్ ఇంకో కాపీ స్టూడియోలో ఉండే ఉంటుందిలే అనుకుని 'ఎరేజ్' నొక్కేశాను. కాపీ లేదు. కెమెరా కార్డుల మీద అప్పటికే ఇంకో పెళ్లి షూట్ చేసేశారు.

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలా వరకు వెనక్కి వచ్చింది. కొన్ని క్లిప్పులు మాత్రం విరిగిపోయాయి. ఆ అమ్మాయి నానమ్మ వీల్‌చైర్‌లో వచ్చి అక్షింతలు వేసిన క్లిప్ వాటిలో ఉంది. బాబాయ్ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఇంటికి తనే వెళ్లి జరిగింది చెప్పి వచ్చాడు. వచ్చాక నాతో అన్న మాట ఇది: "పైసలు పోతె సంపాదిస్తం రా. ఆ ముసలమ్మను మళ్ల కూసోబెట్టి అక్షింతలు ఏపిస్తమా?"

ఆ తర్వాత నెలన్నర నేను ల్యాప్‌టాప్ మాటే ఎత్తలేదు. ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు, స్టూడియో ఖాళీ. అప్పుడు ఒక పని పెట్టుకున్నాను. ఒకే పది నిమిషాల 4కే ఫోన్ వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మూడు ఊళ్లలో మూడు సిస్టమ్‌ల మీద ఎడిట్ చేసి చూడాలని.

సూర్యాపేట: విండోస్

బాబాయ్ స్టూడియోలో ఉన్నది విండోస్ డెస్క్‌టాప్. సాఫ్ట్‌వేర్ ఎడియస్. మన దగ్గర పెళ్లి స్టూడియోల్లో చాలామంది వాడేది ఇదే. జపాన్‌కి చెందిన కనోపస్ దీన్ని తయారుచేసింది, ఇప్పుడు గ్రాస్ వ్యాలీ చేతిలో ఉంది. పాటలకి తగ్గట్టు ముందే కట్ చేసిపెట్టిన ఎడియస్ ప్రాజెక్టులు దొరుకుతాయి, ఫోటోలు, క్లిప్పులు అందులో వేస్తే పాట రెడీ. అసలు సంగతి ఏంటంటే, ఎడియస్ విండోస్ మీద తప్ప ఇంకెక్కడా నడవదు. మ్యాక్ కొని ఉంటే బాబాయ్ స్టూడియోలో ఒక్క ప్రాజెక్ట్ ఫైల్ కూడా నా దగ్గర తెరుచుకునేది కాదు.

డిస్క్ గోల కూడా ఇక్కడే అర్థమైంది. విండోస్ డిస్కులు మామూలుగా 'ఎన్‌టీఎఫ్‌ఎస్' పద్ధతిలో ఉంటాయి. మ్యాక్ వాటిని చదువుతుంది కానీ వాటి మీద రాయదు. ఎక్స్‌ఫ్యాట్ అయితే రెండింటిలోనూ చదవొచ్చు, రాయొచ్చు. పాత 'ఫ్యాట్ 32' కూడా రెండింటిలో పనిచేస్తుంది కానీ ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, వీడియోకి అది సరిపోదు. కాబట్టి ఇద్దరి మధ్య తిరిగే డిస్క్‌ని కొన్న రోజే, ఖాళీగా ఉన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్ చేసుకోవాలి. ఫుటేజ్ ఉన్నాక ముట్టుకోవద్దు.

ఇంకోటి తెలుగు అక్షరాల సంగతి. 2025 ఫిబ్రవరిలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వీడియోకి ప్రీమియర్ ప్రోలో 'లింగమంతుల స్వామి జాతర' అని టైటిల్ వేస్తే 'స్వా' విడిపోయి, వత్తు పక్కకి పడి కూర్చుంది. తప్పు విండోస్‌ది కాదు, ఫాంట్‌ది కాదు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కి మార్చాలి. వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, ఏ సిస్టమ్‌లోనైనా వేసుకోవచ్చు.

కోదాడ: మ్యాక్

అదే క్లిప్‌ని కోదాడ అన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1లో వేశాం, 8 జీబీ ర్యామ్‌ది. నిజం చెప్పాలి, వెన్నలా నడిచింది. ఫ్యానే లేదు కాబట్టి చప్పుడు లేదు. మధ్యలో కరెంట్ పోయింది, మాకు తెలియలేదు కూడా. విండోస్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఛార్జర్ తీస్తే స్పీడ్ తగ్గిపోతాయి. ఇది తగ్గలేదు.

ఎందుకలా? ఫోన్ వీడియో ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తిగా దాచుకోదు. ఒక ఫ్రేమ్ పూర్తిగా దాచి, తర్వాత వచ్చే ఫ్రేమ్‌లలో ఏం మారిందో అంతే రాసుకుంటుంది. అందుకే ఫైలు చిన్నగా ఉంటుంది. కానీ మనం టైమ్‌లైన్‌లో మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తే, ఆ ఒక్క బొమ్మ కోసం సిస్టమ్ వెనక్కి వెళ్లి లెక్కంతా మళ్లీ కట్టాలి. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 చిప్‌లో ఈ లెక్క కట్టడానికే వేరే భాగం ఉంది. ఇది మ్యాక్ ఒక్కదాని సొత్తు కాదు. ఇంటెల్‌లో 2011 నుంచి క్విక్‌సింక్ పేరుతో ఇలాంటిదే ఉంది, ఎన్విడియా కార్డుల్లోనూ ఉంది. ఎటొచ్చీ అన్ని రకాల వీడియోల్నీ అన్నీ విప్పలేవు. ఉదాహరణకి కొత్త కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్.265 వీడియోని ఇంటెల్ 11వ తరం నుంచి విప్పగలదు, ఎన్విడియాలో 50 సిరీస్ నుంచే ఆ వసతి వచ్చింది. "గ్రాఫిక్ కార్డ్ ఉంది కదా, ఎందుకు ఆగుతోంది?" అని అడిగేవాళ్లకి చాలాసార్లు జవాబు ఇదే.

మ్యాక్‌లో ఫైనల్ కట్ ప్రో ఉంటుంది, విండోస్‌కి అది లేదు. మరి ఇబ్బంది? "కొన్ననాడు ఎంత ర్యామ్ ఉంటే చివరిదాకా అంతే తమ్మీ. పెంచేది లేదు" అన్నాడు అన్న. లోపలి స్టోరేజీ కూడా అంతే. ఆయనది 256 జీబీ. ఒక లెక్క వేసి చూడండి. సెకనుకి 100 మెగాబిట్ల వీడియో అంటే గంటకి 45 జీబీ. మూడు కెమెరాలు, నాలుగేసి గంటల పెళ్లి అంటే 540 జీబీ. ఒక్క పెళ్లి కూడా పట్టదు. బయట ఎస్‌ఎస్‌డీ కొనాల్సిందే, ఆ ఖర్చు ముందే కలుపుకోవాలి.

మిర్యాలగూడ: లినక్స్

మిర్యాలగూడలో నా ఇంటర్ దోస్త్ ఉన్నాడు. వాళ్ల నాన్న రైస్ మిల్లులో పని. వాడి ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ అక్టోబర్ 14తో ఆగిపోతుందని తెలిసి ముందే లినక్స్ వేసుకున్నాడు. ఎడిటింగ్‌కి కేడెన్‌లైవ్. పైసా ఖర్చు లేదు.

నా క్లిప్ వేస్తే మొదట నత్తలా నడిచింది. వాడు నవ్వి 'ప్రాక్సీ' ఆన్ చేశాడు. ప్రాక్సీ అంటే అసలు వీడియోకి చిన్న సైజు నకలు. ఎడిటింగ్ నకలు మీద చేస్తాం, చివర్లో రెండర్ మాత్రం అసలు దాని నుంచి అవుతుంది. నకళ్లు తయారవ్వడానికి కొంతసేపు పట్టింది, మేం టీ తాగి వచ్చాం. వచ్చాక కటింగ్ హాయిగా సాగింది. ఈ ప్రాక్సీ ప్రీమియర్‌లో, డావించీ రిజాల్వ్‌లో, ఫైనల్ కట్‌లో కూడా ఉంది. పాత సిస్టమ్ ఉన్నవాళ్లు కొత్తది కొనే ముందు దీన్ని ఒకసారి వాడి చూడండి.

ఇక డావించీ రిజాల్వ్. దీని ఉచిత వెర్షన్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. కలర్ పనికి దాని పేరు పెద్దది. కానీ లినక్స్‌లో ఉచిత వెర్షన్ మన ఫోన్ల హెచ్.264, హెచ్.265 వీడియోల్ని తెరవదు. ముందు వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి, మారిస్తే సైజు ఎన్నో రెట్లు అవుతుంది. ప్రీమియర్ అయితే లినక్స్‌కి అసలే లేదు. "నాకు నేను చేసుకునే వీడియోలకి ఇది చాలురా. స్టూడియోకి పోతే మాత్రం వాళ్ల సిస్టం మీదనే చేస్త" అన్నాడు దోస్త్. తన పని తనకి తెలిసినవాడి మాట అది.

నేను నేర్చుకున్న వరుస

నేను మొదట 'విండోసా, మ్యాకా' అని అడిగాను. అది చివర అడగాల్సిన ప్రశ్న. వరుస ఇలా ఉండాలి.

1. ఎవరితో పనిచేస్తాను? స్టూడియోతోనా, ఫ్రెండ్స్‌తోనా, ఒంటరిగానా?

2. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ ఏది? ఎడియస్ అయితే విండోసే. ఫైనల్ కట్ అయితే మ్యాకే. ప్రీమియర్ అయితే రెండింట్లో ఏదైనా. కేడెన్‌లైవ్, షాట్‌కట్, రిజాల్వ్ అయితే మూడూ.

3. ఏ కెమెరా ఫుటేజ్ వస్తుంది? దాన్ని విప్పే భాగం ఆ చిప్‌లో ఉందా?

4. తర్వాత ర్యామ్, స్టోరేజీ పెంచుకునే వీలుందా? 16 జీబీ కంటే తక్కువ వద్దు.

5. స్క్రీన్ ఎలాంటిది? తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని రాసి ఉంటుంది. అందులో రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి, పట్టుచీర రంగు తప్పుతుంది. '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' ఉన్నది వెతకండి.

6. బ్యాకప్ డిస్క్‌కి డబ్బులు మిగిలాయా?

ఈ ఆరింటికీ జవాబు రాస్తే ఏ సిస్టమ్ కొనాలో దానంతట అదే తేలిపోతుంది. నాకు తేలింది విండోస్. ఇంటెల్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఒక ఖాళీ స్లాట్, మామూలు ఎన్విడియా కార్డు. బడ్జెట్‌లో కొంత మిగిల్చి 2 టీబీ డిస్క్ కొన్నాను. బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు, రెండర్ పెడితే ఫ్యాన్ చప్పుడుకి హాస్టల్ రూమ్మేట్ తిడతాడు. కోదాడ అన్న మ్యాక్ చూసినప్పుడు ఇప్పటికీ మనసు లాగుతుంది. అయినా కార్తీకంలో బాబాయ్ ఇచ్చిన నాలుగు పెళ్లిళ్ల పని దీని మీదే చేశాను. ఆ డబ్బుతో అమ్మ సంఘం కిస్తీలు మూడు కట్టాం.

రీల్స్ మాత్రమే చేసేవాళ్లకి, తిరుగుతూ ఎడిట్ చేసేవాళ్లకి మ్యాక్ మంచిదే. డబ్బులు లేనివాళ్లకి లినక్స్ దేవుడిలాంటిది. నా జవాబు మీ జవాబు కానక్కర్లేదు. అందుకే కొనే ముందు మీరు పనిచేయబోయే చోటికి వెళ్లి ఒక గంట కూర్చోండి. మీ ఫుటేజ్‌ని వాళ్ల సిస్టమ్‌లో, వాళ్ల డిస్క్‌ని మీరు కొనాలనుకున్న సిస్టమ్‌లో పెట్టి చూడండి.

ఆ చీరకట్టు ఫంక్షన్ వాళ్లింటికి తర్వాత నేనొక్కడినే వెళ్లాను. నానమ్మతో పది నిమిషాలు మాట్లాడించి, ఆవిడ మనవరాలి గురించి చెప్పింది రికార్డు చేసి, ఎడిట్ చేసి ఇచ్చాను. పోయిన క్లిప్‌కి అది సమానం కాదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ వీడియో ఇప్పుడు నా దగ్గర మూడు చోట్ల ఉంది.