డాబా మీది దారి



లేఖారచన పాఠం వచ్చినప్పుడల్లా మనకు ఒకటే ఇబ్బంది. 'మీ వీధిలో మురుగుకాలువ బాగు చేయించమని పురపాలక కమిషనరుకు లేఖ' అందరికీ కంఠతా వచ్చు. కలం నడుస్తుంది గాని బుర్ర కదలదు. అందుకని ఈసారి ఎనిమిదో తరగతిలో మేము కొత్త విషయం తీసుకున్నాం. 'మన కాలనీలో డ్రోన్లతో పార్సిళ్ళు అందిస్తామని ఒక సంస్థ ముందుకు వచ్చిందనుకోండి. కావాలో వద్దో చెబుతూ కాలనీ సంఘం కార్యదర్శికి లేఖ రాయండి.'

కావాలనేవాళ్ళు చేతులెత్తమంటే దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఎందుకు లేవవు? పార్సిల్ విలువ మన పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! మూడు నాలుగేళ్ళకు ఒకసారి ఊరు మారే ఇళ్ళు మనవి. అమ్మమ్మ పెట్టిన ఆవకాయ, నాయనమ్మ చేసిన సున్నుండలు మనకు పార్సిల్లోనే వస్తాయి. ఒక్కోసారి పాత క్వార్టరుకు వెళ్ళి, తాళం చూసి, తిరిగి ఊరికే వెళ్ళిపోతాయి.

చివరి బెంచీలో ఒక అబ్బాయి మాత్రం చెయ్యి ఎత్తలేదు. వాళ్ళ నాన్నగారు లోకో పైలట్. "మా నాన్న రాత్రంతా బండి నడిపి పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుంటారు టీచర్. ఆయన లేచేదాకా అమ్మ కుక్కరు కూడా పెట్టదు. డ్రోన్ మా డాబా మీది నుంచే వెళ్తే ఎలా?" అన్నాడు.

తరగతి నిశ్శబ్దమైపోయింది. రైల్వే కాలనీ పిల్లలకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. రాత్రంతా సిగ్నళ్ళు చూసిన కళ్ళకు పగటి నిద్ర విలాసం కాదు. మర్నాడు ఆ బండి ఎక్కే ప్రయాణికుల క్షేమం ఆ నిద్ర మీద ఆధారపడి ఉంటుంది. లేఖ ఒక వారం వాయిదా వేద్దాం, ముందు విషయం తెలుసుకుందాం అనుకున్నాం. ఆ వారంలో మేము తెలుసుకున్నదే ఈ పాఠం.

మేలు జరిగిన చోట్లు

ముందు మంచి సంగతులు చెప్పుకోవడం న్యాయం. ఆఫ్రికాలోని రువాండా కొండల దేశం. అక్కడ 2016 నుంచి డ్రోన్లు ఆసుపత్రులకు రక్తం అందిస్తున్నాయి. వంకర టింకర కొండదారుల్లో గంటలు పట్టే ప్రయాణం నిమిషాల్లోకి వచ్చింది. డ్రోన్ కిందికి దిగనక్కరలేదు. చిన్న పారాచూట్ కట్టిన పెట్టెను ఆసుపత్రి ఆవరణలో జారవిడిచి వెళ్ళిపోతుంది.

మన దేశంలో 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాద్‌లో 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' అనే ప్రయోగం మొదలైంది. మందులు, టీకాలు ఆకాశ మార్గాన ఆరోగ్య కేంద్రాలకు చేర్చవచ్చా అన్నది అక్కడ పరీక్షించారు. అదే ఏడాది అక్టోబరు 4న మణిపూర్‌లో భారత వైద్య పరిశోధన మండలి ఇలాంటి పనే చేసింది. బిష్ణుపూర్ జిల్లా ఆసుపత్రి నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ దీవికి రోడ్డు మార్గం 26 కిలోమీటర్లు. ఆకాశ మార్గం 15 కిలోమీటర్లే. డ్రోన్ దాదాపు పావుగంటలో టీకాలు చేర్చింది. 2024 అక్టోబరులో మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లతో సహా పలు పెద్ద ఆసుపత్రుల్లో డ్రోన్ సేవలను ప్రారంభించారు.

ఈ కథలన్నిటిలో ఒక పోలిక ఉంది, గమనించారా? మోసేది ప్రాణాధారమైన వస్తువు. దిగేది ఆసుపత్రి దగ్గర. డ్రోన్ ఎవరి తల మీదుగా వెళ్తుందో, రేపు అవసరం పడితే ఆ మందు వాళ్ళకే అందుతుంది.

కాన్‌బెర్రాలో ఏం జరిగింది?

ఇప్పుడు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు వెళ్దాం. 2018లో ఆ నగరంలోని బోనిథన్ అనే నివాస ప్రాంతంలో వింగ్ అనే సంస్థ డ్రోన్లతో ఇంటింటికీ సరుకులు అందించే ప్రయోగం చేసింది. కాఫీ, భోజనం, చిన్న చిన్న మందులు ఫోన్‌లో అడిగితే చాలు. డ్రోన్ వచ్చి ఇంటి పెరడు మీద ఆగి, తాడుతో పొట్లాన్ని కిందికి దించి వెళ్ళేది. పసిపిల్లలతో ఇల్లు కదలలేని తల్లులకు, నడవలేని వారికి ఇది వరమని మెచ్చుకున్నవారు ఉన్నారు.

అయితే కాఫీ అడగని ఇళ్ళ మీదుగా కూడా ఆ డ్రోన్ వెళ్ళాలి కదా! చప్పుడుకు పెంపుడు కుక్కలు బెదురుతున్నాయని, పెరట్లో ప్రశాంతంగా కూర్చోలేకపోతున్నామని కొందరు నివాసులు ఫిర్యాదు చేశారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోవడం వాళ్ళకు మరో కష్టమైంది. విమాన భద్రత చూసే సంస్థ శబ్దం తన పరిధిలోకి రాదంది. ఆకాశం స్థానిక ప్రభుత్వం చేతిలో లేదు. మన క్వార్టర్లలో పైకప్పు కారితే ఒక ఆఫీసు, గోడ నెమ్మెక్కితే ఇంకో ఆఫీసు అని తిప్పుతారే, అలాంటిదే.

నివాసులు ఊరుకోలేదు. సంఘంగా ఏర్పడ్డారు, లేఖలు రాశారు. 2019లో అక్కడి శాసనసభ సంఘం బహిరంగ విచారణ జరిపి, అనుకూలురనూ వ్యతిరేకులనూ పిలిచి విన్నది. డ్రోన్ల శబ్దానికి కూడా కేంద్ర ప్రభుత్వ నియమాలు వర్తిస్తాయని తేలింది. సంస్థ తక్కువ చప్పుడు చేసే రెక్కలు తయారుచేసింది. సేవను నగరంలోని మరో ప్రాంతానికి మార్చి కొన్నేళ్ళు నడిపి, 2023లో కాన్‌బెర్రాలో ఆపివేసింది.

నాలుగు అభ్యంతరాలు

మొదటిది శబ్దం. డ్రోన్ రెక్కలు వేగంగా తిరుగుతూ సన్నని, తెగని జుమ్మనే మోత చేస్తాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు 2017లో కొందరికి రకరకాల చప్పుళ్ళు వినిపించి చూశారు. అంతే స్థాయిలో ఉన్న వాహనాల చప్పుడు కంటే డ్రోన్ చప్పుడు ఎక్కువ చిరాకు పెట్టిందని తేలింది. అంటే శబ్దం ఎంత అన్నదే కాదు, ఎలాంటిది అన్నది కూడా ముఖ్యమే.

రెండోది భద్రత. 2022 సెప్టెంబరులో బ్రిస్బేన్ నగరానికి దక్షిణాన భోజనం మోసుకెళ్తున్న ఒక డ్రోన్ 11 వేల వోల్టుల విద్యుత్ తీగల మీద దిగింది. సుమారు 2000 ఇళ్ళకు, దుకాణాలకు కాసేపు కరెంటు పోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. మన కాలనీల్లో తలెత్తి చూస్తే కరెంటు తీగలు, కేబుల్ తీగలు, డిష్‌లు, బట్టలారేసే తాళ్ళు, సంక్రాంతి వస్తే గాలిపటాల దారాలు!

మూడోది ఏకాంతం. దారి చూసుకోవడానికి డ్రోన్‌కు కెమెరా కావాలి. డాబా మీద అమ్మ వడియాలు పెట్టుకుంటున్నా, అక్క తల ఆరబెట్టుకుంటున్నా ఆ కెమెరా మనల్ని అడిగి చూడదు. ఏకాంతం ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ చిత్రాలను ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు దాస్తారు అని అడగడం అనుమానం కాదు, హక్కు.

నాలుగోది తోటి జీవుల బాధ. 2021లో కాన్‌బెర్రాలోనే గూళ్ళు కట్టుకునే కాలంలో కాకిజాతి పక్షులు డ్రోన్ల మీద దాడి చేశాయి. ఆ ప్రాంతంలో సేవను కొన్నాళ్ళు ఆపవలసి వచ్చింది. గూడు కట్టిన కాకి చెట్టు కింద నడిచి తల మీద పొడిపించుకున్న వాళ్ళకు ఇది ఆశ్చర్యం కలిగించదు. ఇక మనుషుల మాట కొస్తే, ఎండలో వానలో బండి మీద పార్సిళ్ళు తెచ్చే అన్నలు ఉన్నారు. వాళ్ళ జీతం మాటేమిటని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది.

మన నియమాలు ఏమంటాయి?

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం దేశపు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా గుర్తించారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కరలేదు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరకూడదు. ఆ పటం విమానాల క్షేమాన్ని, దేశ రక్షణను చూస్తుంది. కింద ఏ ఇంట్లో ఎవరు పడుకున్నారో అది చెప్పదు.

శబ్ద కాలుష్యానికి 2000 నాటి నియమాలు ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదు. అక్కడ పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. ఈ పట్టిక బోర్డు మీద రాయగానే మన లోకో పైలట్ గారి అబ్బాయి, "మా నాన్న రాత్రి ఇందులో లేదు టీచర్" అన్నాడు. నిజమే. నర్సులకు, పోలీసులకు, రైలు నడిపేవారికి రాత్రి ఉదయం ఎనిమిదింటికి మొదలవుతుంది. చట్టం అందరికీ కలిపి గీసిన గీత. ఆ గీతకు అవతల పడినవారి సంగతి ఇరుగుపొరుగే చూసుకోవాలి.

సామెత సరిపోతుందా?

చర్చలో ఒకరు 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అన్నారు. చప్పట్లు మోగాయి. కాని కాసేపు ఆలోచిస్తే సామెత పూర్తిగా అతకలేదు. పార్సిల్ తెప్పించుకునేవారు పిల్లి కాదు. వాళ్ళకు ఎవరినీ బాధపెట్టాలని లేదు. తమ పొట్లం ఎవరి నిద్ర మీదుగా వస్తుందో వాళ్ళకు కనిపించదు, అంతే. సౌకర్యం తీసుకునేవారు ఒకరు, దాని ధర చెల్లించేవారు ఇంకొకరు అయినప్పుడు ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలి. వ్యాసమైనా లేఖైనా చేయవలసిన పని అదే.

ఇంతలో ఒక అమ్మాయి, "వచ్చే ఏడాది మనం ఇక్కడ ఉంటామో లేదో! మనకెందుకు టీచర్ ఇదంతా?" అంది. బదిలీల మీద తిరిగే మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే. జవాబుకు దూరం వెళ్ళనక్కరలేదు. ఇన్ని ఊళ్ళలో మనం దిగిన క్వార్టర్లు గుర్తు చేసుకోండి. పెరట్లో కరివేపాకు చెట్టు మనం నాటినది కాదు. మనకంటే ముందున్నవారు, మనం ఎవరమో తెలియకుండానే, నాటి వెళ్ళారు. మన తర్వాత ఆ ఇంట్లో దిగేవారికీ నిద్ర కావాలి.

మేము రాసిన లేఖ

వారం తర్వాత రాసిన లేఖల్లో 'కావాలి', 'వద్దు' అన్న మాటలు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. అందరివీ కలిపి ఒక లేఖగా కూర్చాం. అందులోని ప్రశ్నలివి:

1. రోజుకు ఎన్నిసార్లు, ఏయే వేళల్లో వస్తుంది?
2. ఏ ఇళ్ళ మీదుగా వెళ్తుంది? రోజూ అదే దారా, మారుస్తారా?
3. కెమెరా ఏం చూస్తుంది? ఆ చిత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి?
4. తీగల మీద పడితే బాధ్యత ఎవరిది? ఫోన్ ఎవరికి చేయాలి?
5. ఇప్పుడు పార్సిళ్ళు తెచ్చేవారికి వేరే పని చూపిస్తారా?
6. పార్సిల్ తెప్పించుకోని ఇళ్ళవారి మాట ఎవరు వింటారు?

చివర ఒక సూచన చేర్చాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందులైతే ఏ వేళైనా, ఏ ఇంటికైనా రావచ్చు. బిర్యానీ, బొమ్మలు మాత్రం కాలనీ చివర మైదానం దాకా వస్తే చాలు. అక్కడినుంచి మనమే సైకిల్ మీద వెళ్ళి తెచ్చుకుంటాం. ఈ సూచనకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే చివరి బెంచీ చెయ్యి కూడా లేచింది.

పదాలు – అర్థాలు

గగనతలం: ఆకాశ ప్రదేశం
అభ్యంతరం: ఒప్పుకోకపోవడానికి చెప్పే కారణం
ఏకాంతం: ఇతరుల చూపు పడని సొంత చోటు, సొంత సమయం
ధర్మాసనం: కలిసి కూర్చుని తీర్పు చెప్పే న్యాయమూర్తుల బృందం

ఆలోచించి రాయండి

1. కరాంగ్ దీవికి వెళ్ళిన డ్రోన్‌కూ బోనిథన్‌లో తిరిగిన డ్రోన్‌కూ ఉన్న తేడా ఐదు వాక్యాల్లో రాయండి.
2. మీ వీధిలో పగలు నిద్రపోయేవారు ఎవరెవరున్నారో ఇంట్లో అడిగి తెలుసుకోండి. వారికోసం మీరు మార్చుకోగల ఒక అలవాటు రాయండి.
3. పై సందర్భానికి సరిగ్గా అతికే సామెత మీ అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్‌లో అడిగి రాసుకురండి. మాకు ఇంకా దొరకలేదు.