మంగళవారం పీరియడు సంగతి అడుగుదామా?

టీ పెట్టుకున్నారా? అయితే కాసేపు కూర్చోండి. ఇవాళ వంటలూ కాదు, చీరలూ కాదు, మన పిల్లల గురించి చెప్పుకుందాం. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్న బ్యాచ్ ఒకటుంది చూశారూ, ఏమడిగినా "ఏం లేదు" అనేసి గదిలోకి పోతారు, వాళ్ళ గురించి.

సోమవారం తెల్లారేసరికి అమ్మాయి కడుపునొప్పి అంటుంది. వాము నీళ్ళు తాగిస్తాం, తగ్గదు. డాక్టరు దగ్గరికి పరిగెడతాం. స్కానింగ్ తీసి, "ఏమీ లేదండీ, అంతా నార్మలే" అంటారు. అంతే, ఆటోలో ఇంటికొచ్చేటప్పుడు మనకి ఒళ్ళు మండిపోతుంది. "బడి ఎగ్గొట్టడానికి నాటకాలా?" అని దులిపేస్తాం. అవునా, కాదా? కానీ నాటకం కాదమ్మా అది. పిల్లల్లో భయమూ దిగులూ చాలాసార్లు కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటపడతాయి. నొప్పి నిజంగానే ఉంటుంది. దాని మూలమే స్కానింగ్‌కి దొరకదు. అది స్కూలు బస్సులో ఏడిపించే పిల్లల దగ్గర ఉండొచ్చు, బోర్డు మీదికి పిలిచే సారు దగ్గర ఉండొచ్చు. "నాకు భయంగా ఉందమ్మా" అని ఆ పిల్ల నోటితో చెప్పొచ్చు కదా అంటారేమో. అలా చెప్పడం దానికెవరు నేర్పారు? మనకు మాత్రం ఎవరు నేర్పారు?

బడిలో ఆరోగ్యం అనగానే మనకు గుర్తొచ్చేవేమిటి? చేతులు కడుక్కోవడం, నులిపురుగుల మాత్ర, ఆడపిల్లలకు ఐరన్ మాత్రలు, ఏడాదికోసారి కంటి పరీక్ష. అన్నీ మంచివే, ఒక్కటీ మానొద్దు. సైన్సు పుస్తకం తెరిస్తే గుండెకు ఎన్ని గదులో కూడా ఉంటుంది. ఆ గుండె ఊరికే దడదడలాడుతుంటే ఏం చేయాలో, రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకపోతే ఎవరికి చెప్పాలో మాత్రం ఉండదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. మన భాషలో చెప్పాలంటే నలభై మంది క్లాసులో సుమారు ముగ్గురు. వాళ్ళు ఏ బెంచీలో కూర్చున్నారో పక్కవాళ్ళకు తెలియదు, టీచరుకూ తెలియదు.

అలాగని మనమేదో కొత్త కోరిక కోరుతున్నామని మొహమాటపడకండి. 2020 ఫిబ్రవరిలోనే కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఇద్దరేసి టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, వీలైతే ఒక మేడమూ ఒక సారూ. వారానికో గంట, మామూలుగా మంగళవారం, పిల్లలకు 11 అంశాలు చెప్పాలి. పోషకాహారం, ఎదుగుదలతో పాటు మనోభావాలు, మానసిక ఆరోగ్యమూ అందులో ఉన్నాయి. నెల తిరిగేసరికి కరోనా వచ్చి బడులకే తాళాలు పడ్డాయనుకోండి. తాళాలు తీశాక ఆ గంట ఎన్ని బడుల్లో నిజంగా ఆ గంటగానే నడుస్తోందో మీ పిల్లలే చెప్పాలి. మన బడుల్లో ఖాళీ పీరియడ్లన్నీ లెక్కల సారు సొత్తే కదా! డ్రాయింగూ ఆయనదే, పీఈటీ కూడా ఆయనదే. ఇక ప్రైవేటు బడి అయితే అక్కడ మనమే పూనుకుని అడగాలి.

మీలో కొందరికి ఒక గుబులుంది, నాకు తెలుసు. "ఇవన్నీ క్లాసులో చెబితే లేనిపోనివి పిల్లల బుర్రకెక్కవూ?" అని. ఎక్కవు తల్లీ. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని ఈ రంగంలో పనిచేసేవాళ్ళు గట్టిగా చెబుతున్నారు. అసలు ఆ క్లాసులో ఏం చెప్పాలంటారా? కోపం వస్తే ముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది, అప్పుడేం చేయొచ్చు. నిద్ర తగ్గితే మనసు ఎందుకు చిరాకుపడుతుంది. స్నేహితురాలు ఏడుస్తుంటే పక్కన ఎలా కూర్చోవాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టు" అని ఒట్టేయించుకున్నా ఏ మాట మాత్రం పెద్దవాళ్ళకు చెప్పి తీరాలి. ఈ చివరిది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పిల్లలు ముందు చెప్పుకునేది పిల్లలకే. ఒక్క షరతు, దీనికి మార్కులు పెట్టొద్దు. పెట్టారంటే "దిగులు లక్షణములు ఐదు వ్రాయుము" అని బట్టీ పట్టేస్తారు మన బంగారాలు.

మనలాగే మార్కులకు తలొగ్గే జపాన్‌లో కూడా 2022 నుంచి హైస్కూలు ఆరోగ్య పాఠాల్లో డిప్రెషన్, స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల గురించి చెబుతున్నారు. సుమారు నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ పాఠం పుస్తకంలోకి వచ్చిందట. మనమింకా "వీణ్ణి ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేర్పించాలి" అని చుట్టాల ముందు జోకులేస్తున్నాం. ఆ జోకు వేసిన ఇంట్లో పిల్లాడు తన దిగులు ఎలా చెప్పుకుంటాడు చెప్పండి?

హాస్టల్లో ఉన్న ఇంటర్ పిల్లల తల్లులూ, మీతో కాసేపు విడిగా మాట్లాడాలి. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించేలా మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతలున్న కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయొద్దంది, నలుగురిలో అవమానించొద్దంది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలంది. మరి మనం ఫీజు కట్టేటప్పుడు ఏసీ ఉందా, పెరుగేస్తారా అని అడుగుతాం గానీ, "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఒకసారి చూపిస్తారా?" అని అడిగామా? ఈసారి అడగండి. మొహమాటం నాకొదిలేయండి, నా పేరు చెప్పి అడగండి!

ఆదివారం ఫోన్ చేసినప్పుడు కూడా మొదటి మాట "వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?" కాకూడదు. ఏం తిన్నావు, నిద్ర పడుతోందా, మెస్సులో ఎవరి పక్కన కూర్చుంటున్నావు, ఇవి అడగండి. ఆ మూడో ప్రశ్నకు జవాబు తడబడిందంటే మార్కుల సంగతి వదిలేసి బస్సెక్కండి. ఇంట్లో ఉన్న పిల్లలైతే, రెండు వారాలు దాటి దేనిమీదా మనసు పెట్టకుండా, ఇష్టమైన ఆట మానేసి, తిండీ నిద్రా మారిపోతే వయసు ప్రభావమని సరిపెట్టుకోకండి. వాళ్ళు చెప్పేటప్పుడు "ఇంత చిన్నదానికేనా?" అనే మాట మింగేయండి. మనకు చిన్నదే, వాళ్ళకు కాదు. "చచ్చిపోవాలనుంది" అన్న మాట వినబడితే మాత్రం ఒంటరిగా వదలొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పలుకుతుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు తామే ఫోన్ చేసుకోవడానికి 1098 కూడా ఉంది. రెండూ ఫోన్లో దాచుకోవడం కాదు, ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.

ఇక మన పని. ఆంధ్రలో ప్రభుత్వ బడులన్నిటా ఇప్పుడు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు. తెలంగాణలోనైనా, ప్రైవేటు బడిలోనైనా ఏదో ఒక మీటింగు ఉండనే ఉంటుంది. టీచరమ్మ ప్రోగ్రెస్ కార్డు మన వైపు తిప్పి "మీవాడు మ్యాథ్స్‌లో కొంచెం వీకండీ" అంటుంది. తలూపండి, సంతకం పెట్టండి, లేచిపోకండి. "మంగళవారం హెల్త్ పీరియడు నడుస్తోందా మేడం, దానికి శిక్షణ తీసుకున్న టీచర్లెవరు?" అని మెల్లగా అడగండి. పాపం ఆవిడకూ అరవై పనులు, నిలదీసినట్టు వద్దు. లేదంటే నలుగురు తల్లులు కలిసి హెడ్‌మాస్టరు గారికి ఓ అర్జీ ఇద్దాం. పెద్దగా రాయక్కర్లేదు: "అయ్యా, ఆ గంట లెక్కలకు ఇవ్వకుండా పిల్లల మనసు గురించి మాట్లాడటానికే ఉంచగలరు. ఏదైనా సాయం కావాలంటే మేం వస్తాం." కింద పేర్లు, పిల్లల తరగతులు, ఫోన్ నంబర్లు. నాన్నల చేత కూడా సంతకం పెట్టించండి, వాళ్ళు మాత్రం ఎందుకు తప్పించుకోవాలి?