ఇంటికి బీమా: కట్టడం వేరు, సామాను వేరు

2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు నది పొంగి చెన్నై నగరంలో సైదాపేట, కొట్టూరుపురం వంటి ప్రాంతాలను ముంచెత్తింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపాన తీరం దాటుటకు ముందే వేళచ్చేరి, పళ్ళికరణై పరిసరాలను జలమయం చేసింది. ఇటువంటి వరదలు తీసిన తరువాత వీధులలో గుట్టలుగా కనబడేవి తడిసిన పరుపులు, ఫ్రిజ్‌లు, బీరువాలు, పిల్లల పుస్తకాలు. గోడలు నిలిచి ఉన్నా సంసారం నీటిపాలవుతుంది. ఇంటి బీమాను గురించి తెలిసికొనగోరువారు మొదట గ్రహింపవలసిన భేదం ఇదే: కట్టడం వేరు, అందులోని సామాను వేరు.

చేతిలో ఉన్న పత్రం ఏది?

గృహరుణం తీసికొన్నప్పుడు బీమా పేరిట రెండు వేర్వేరు పత్రాలు రావచ్చును. ఒకటి రుణగ్రహీత మరణిస్తే మిగిలిన అప్పును తీర్చేది. అది ప్రాణానికి సంబంధించిన బీమా. ఇల్లు కాలినా, మునిగినా దానివలన పైసా రాదు. రెండవది ఇంటి కట్టడానికి చేసిన బీమా. దాని మొత్తం కొన్ని సందర్భాలలో అప్పు మేరకే ఉంటుంది. పరిహారంపై బ్యాంకుకు మొదటి హక్కు ఉండవచ్చును. కనుక బ్యాంకు నుండి పాలసీ ప్రతిని అడిగి తీసికొని, అది ఏ రకమైనదో, అందులో సామాను చేరి ఉన్నదో లేదో చూచుకొనవలెను.

భారత్ గృహ రక్ష

బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుండి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ అమలులో ఉన్నది. ఏ సంస్థ అమ్మినా మూల నిబంధనలు ఒక్కటే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడుట, అల్లర్లు, నీటి ట్యాంకులు లేదా గొట్టాలు పగులుట మొదలైన వాటివలన కలిగే నష్టం ఇందులో చేరుతుంది. ఇల్లు నివాసయోగ్యం కానంత కాలం వేరొక చోట ఉండుటకు అయ్యే అద్దెకు కూడ అవకాశం ఉన్నది.

దొంగతనం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పైన చెప్పిన ప్రమాదం కారణంగా, అది జరిగిన 7 రోజులలోపు సంభవించిన దొంగతనానికే ఈ పాలసీ వర్తిస్తుంది. మామూలు రోజున తాళం పగులగొట్టి దోచుకొనిపోతే వర్తించదు. అందుకు వేరుగా దొంగతనపు బీమా తీసికొనవలెను. ఏళ్ళ తరబడి మరమ్మతు లేక గోడకు చెమ్మ ఎక్కుట వంటి అరుగుదల కూడ ఇందులోకి రాదు.

మొత్తాన్ని నిర్ణయించుట

కట్టడానికి చేసే బీమా దాని అమ్మకపు ధరకు కాదు, తిరిగి కట్టుటకు అయ్యే ఖర్చుకు. వరద భూమిని తీసికొనిపోదు గనుక భూమి విలువను లెక్కలో చేర్చరు. ఉదాహరణకు, 50 లక్షల రూపాయల ధర పలికే ఫ్లాటులో కార్పెట్ ఏరియా 600 చదరపు అడుగులు, చదరపు అడుగుకు నిర్మాణ వ్యయం 2,500 రూపాయలు అనుకొంటే, కట్టడానికి తగిన బీమా 15 లక్షలు. అమ్మకపు ధరకు బీమా చేస్తే ప్రీమియం వృథా. మరీ తక్కువకు చేస్తే, ఇల్లు పూర్తిగా దెబ్బతిన్ననాడు ఆ తక్కువ మొత్తమే చేతికి వస్తుంది.

గృహ రక్ష పాలసీలో కట్టడానికి బీమా చేసినవారి గృహోపకరణాలకు, అందులో 20 శాతం మేరకు, 10 లక్షలు మించకుండా, రక్షణ దానంతట అదే లభిస్తుంది. పై ఉదాహరణలో అది 3 లక్షలు. సామాను విలువ అంతకు మించితే పట్టిక ఇచ్చి మొత్తాన్ని పెంచుకొనవచ్చును. నగలు ఈ 20 శాతంలో చేరవు. వాటికి అదనపు రక్షణ కోరవలెను. నగదు ఇందులో చేరదు.

అద్దె ఇంటివారికి

యజమాని పాలసీ గోడలను కాపాడుతుందే గాని అద్దెదారు సామానును కాదు. నేల అంతస్తులో అద్దెకు ఉంటున్న కుటుంబానికి ఈ సంగతి వరద తరువాత తెలిస్తే ప్రయోజనం లేదు. అద్దెదారు కేవలం సామానుకే ఈ పాలసీని తీసికొనవచ్చును. ఇంటిలో కుట్టుపని, టిఫిన్ల తయారీ వంటి వ్యాపారం జరుగుతున్నచో ఆ సంగతిని ముందే తెలిపి, ఆ సామగ్రికి రక్షణ ఉన్నదో లేదో వ్రాతపూర్వకంగా అడుగవలెను.

నష్టం జరిగినప్పుడు

వెంటనే బీమా సంస్థకు తెలిపి, క్లెయిమ్ సంఖ్యను వ్రాసికొనవలెను. దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. పాడైన వస్తువులను చెత్తబండికి ఇచ్చుటకు ముందు ఫోటోలు తీసి, సర్వేయర్ చూచేవరకు వీలైనంతవరకు ఉంచవలెను. ఆరోగ్యరీత్యా ఉంచలేనివాటిని గురించి సంస్థకు ముందుగా తెలుపవలెను. రశీదుల నకళ్ళను ఫోనులోను, మరొక ఊరిలోని బంధువుల వద్దను ఉంచుట మేలు. ఇల్లు మునిగినప్పుడు బీరువాలోని కాగితాలు కూడ మునుగుతాయి.

క్లెయిమ్ తిరస్కరింపబడితే మొదట సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. 30 రోజులలో జవాబు రాకున్నా, వచ్చినది తృప్తికరంగా లేకున్నా, చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఏడాదిలోగా ఆశ్రయింపవచ్చును. 50 లక్షల రూపాయల వరకు గల వివాదాలను అక్కడ రుసుము లేకుండా విచారిస్తారు. ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఉచిత ఫోను సంఖ్య 155255.

సంతకానికి ముందు అడుగవలసిన ప్రశ్నలు

1. ఈ పాలసీ కట్టడానికా, సామానుకా, రెండింటికా?
2. బీమా మొత్తాన్ని ఏ వైశాల్యంపై, ఏ ధరతో లెక్కించారు?
3. నగలకు, మామూలు దొంగతనానికి రక్షణ ఉన్నదా?
4. ప్రతి క్లెయిములో పాలసీదారు స్వయంగా భరించవలసిన మొత్తం ఎంత?
5. అపార్ట్‌మెంటు సంఘం ఇదివరకే భవనానికి బీమా చేసి ఉన్నదా?

ఏజెంటు నోటిమాటకు కాక, పాలసీలో వ్రాసిన మాటకే విలువ. పై ఐదింటికి జవాబులు పత్రంలో కనబడిన తరువాతనే సంతకం చేయవలెను.