సండే స్కూల్ అనుభవం మంచిదే, శిక్షణ కూడా కావాలి

బెంగళూరు దగ్గరి సర్జాపుర చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లతో పాటు ప్లేస్కూళ్లూ పెరిగాయి. వాటిలో క్రైస్తవ యాజమాన్యాలవీ ఉన్నాయి. వీటిలో టీచరుగా చేరాలనుకునే తెలుగు యువతలో చాలామంది చర్చిలో సండే స్కూల్, వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) నడిపినవాళ్లే. కథ చెప్పడం, పాట నేర్పడం అక్కడే అలవడతాయి. అయితే వారానికో గంట పిల్లల్ని ఆడించడం వేరు, రోజూ పూటంతా వాళ్ల ఎదుగుదలను గమనించడం వేరు.

ఏం చదవాలి?

ఇంటర్ పాసైనవారికి రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమా (డీపీఎస్‌ఈ) ఉంది. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నో దూరవిద్యలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా (డీఈసీఈ) చేయవచ్చు. డిగ్రీతో కలిపి కావాలంటే నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సు (ఐటెప్)లో ఫౌండేషనల్ దశను ఎంచుకోవాలి. దీనికి ఎన్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. మాంటిస్సోరి డిప్లొమాలకు ప్రైవేటు బడుల్లో ఆదరణ ఉంది. తర్వాత పీజీ చేయాలనుకుంటే సర్జాపురలోనే అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది.

పని ఎలా ఉంటుంది?

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా చూస్తుంది. చదువు ఆటలోనే సాగాలంటుంది. మూడేళ్ల బిడ్డతో అక్షరాలు దిద్దించే ముందు మట్టి పిసికించాలి, పూసలు గుచ్చించాలి, బొత్తాలు పెట్టుకోనివ్వాలి. పెన్సిల్ పట్టే బలం వేళ్లకు అలా వస్తుంది. ఇంగ్లిష్ రాని తెలుగు బిడ్డ మొదటి వారమంతా ఏడుస్తుంటే, మీ నోట వచ్చే నాలుగు తెలుగు మాటలే వాడికి ధైర్యం. కన్నడ కూడా నేర్చుకోండి. ఆయాలతో, తల్లిదండ్రులతో మాట్లాడటానికి పనికొస్తుంది.

విశ్వాసం ఎక్కడ కనిపించాలి?

1837లో కిండర్‌గార్టెన్‌కు నాంది పలికిన ఫ్రోబెల్ పాస్టరు కొడుకు. అయినా ఆయన పిల్లల చేతికి ఇచ్చింది ఆటవస్తువులే. క్రైస్తవ ప్రీస్కూల్లో ప్రార్థన, బైబిలు కథ ఉంటాయి, సరే. దేవుడు ప్రేమిస్తాడని పాడించి, ఆ వెంటనే అల్లరి చేస్తే శిక్షిస్తాడని బెదిరిస్తే పాట వృథా. తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం పొందిన సంస్థల్లో మైనర్లకు మతబోధకు సంరక్షకుల సమ్మతి కావాలని రాజ్యాంగంలోని 28వ అధికరణం చెబుతోంది. ప్లేస్కూల్లోనూ ముందే అడగడం పద్ధతి.

చేరే ముందు

ఫీజు కట్టేముందు కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే నోటిఫికేషన్‌లో అడిగే అర్హతలతో పోల్చుకోండి. ఇంటర్వ్యూలో డెమో క్లాసు ఉంటుంది. ఒక కథ, ఒక అభినయ గేయం, ఒక చేతిపని సిద్ధం చేసుకోండి. మీరూ అడగండి: ఒక టీచరుకు ఎందరు పిల్లలు? 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్య (ఈసీసీఈ) విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒకరుండాలి. జీతం, సెలవులు రాతపూర్వకంగా తీసుకోండి. సేవ అన్న మాట చెప్పి జీతం తగ్గించే చోట సంతకం పెట్టకండి.