కనిపిస్తేనే చేయి తిరుగుతుంది

వెల్డింగ్ నేర్చుకోవాలని నిర్ణయించుకున్నారు. శభాష్! ఐటీఐలో చేరారా? మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర గ్రిల్ షాపులో హెల్పర్‌గా కుదిరారా? శామీర్‌పేట వైపు పైపింగ్ కాంట్రాక్టర్ దగ్గర పనిలో పడ్డారా? ఎక్కడైనా సరే, దారి మంచిదే. ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఐటీఐలో ఏడాది వెల్డర్ కోర్సులో కూర్చోవచ్చు. మీకు పెద్ద చదువు లేదన్న బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు మీ కెరీర్‌లో మొదటి డెసిషన్ మీ ముందుంది. హెల్మెట్.

"షాపులో ఉంటుంది కదా!" అంటారు. ఉంటుంది. మేకుకు వేలాడుతూ, అద్దం నిండా గీతలతో, చిందిన లోహం చుక్కలు చుక్కలుగా అతుక్కున్న స్పాటర్‌తో ఓ చేతి షీల్డ్ ఉంటుంది. ఉస్తాద్ ఏళ్ల తరబడి దాంతోనే గేట్లు, షట్టర్లు, రేకుల షెడ్లు చేస్తున్నారు. నిజమే. కానీ ఆయన చేయి తిరిగిన మనిషి. అద్దంలో సగమే కనిపించినా మిగతా సగం ఆయన చేతికి తెలుసు. మీ చేతికి ఇంకా తెలియదు. అందుకే ఆయనకంటే ముందు మీకే మంచి హెల్మెట్ కావాలి.

ఈ ఒక్క మాట బుర్రలో నాటుకోండి. హెల్మెట్ కళ్లను కాపాడే వస్తువు మాత్రమే కాదు. అది మీ బడిలో నల్లబల్ల. బోర్డు కనిపించని పిల్లాడికి లెక్కలు ఎలా వస్తాయి?

వెల్డింగ్ అంటే నిప్పురవ్వలు చూడటం కాదు, కరిగిన లోహపు మడుగును చూడటం. వర్క్‌షాపుల్లో దాన్నే పూల్ అంటారు. అది ఎంత వెడల్పుగా ఉంది? వెనక ఎలా గడ్డకడుతోంది? ఏది లోహం, ఏది దానిమీద తేలే స్లాగ్? ఈ తేడా కంటికి దొరికిన రోజు మీ బీడ్, అంటే అతుకు గీత, మారుతుంది. దొరకనంత కాలం ఎన్ని కట్టల రాడ్లు కాల్చినా గీత వంకర్లు పోతూనే ఉంటుంది. అప్పుడు "నా చేతికి ఈ పని రాదు" అనుకుంటారు. చేతిలో లోపం లేదు. అద్దంలో ఉంది.

ముందు ఒక అపోహ వదిలేయండి

"రెండు సార్లు కళ్లకు కొడితేనే వెల్డర్ అవుతావు" అని ఎవరో అంటారు. వినకండి. కళ్లకు కొట్టడం అనుభవం కాదు, అది గాయం.

రాడ్ కొన దగ్గర మెరిసే ఆర్క్ నుంచి వచ్చే యూవీ కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. ఎండకు చర్మం కమిలినట్టే. అయితే నొప్పి వెంటనే తెలియదు. పగలంతా బాగానే ఉంటారు. కొన్ని గంటలు గడిచి, రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, ఆగకుండా నీళ్లు, లైటు చూడలేకపోవడం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకోవడం, చనుబాలు పోయించుకోవడం మన ఊళ్లలో ఉన్న అలవాట్లు. అవి మానండి. కాలిన కంటికి ఇన్ఫెక్షన్ కూడా తోడైతే కష్టం. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంకో విషయం. దెబ్బ తినేది వెల్డింగ్ చేసేవారే కాదు. పక్కన ఫ్రేమ్ పట్టుకుని, ముఖం తిప్పుకుని నిలబడిన హెల్పర్‌కూ తగులుతుంది. మీరు హెల్పరే అయితే మీకూ షీల్డ్ కావాలి. అడగండి. సిగ్గుపడకండి. కార్మికుల కళ్లకు రక్షణ ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 35లోనే రాశారు. మీరు అడిగేది కొత్త కోరికేమీ కాదు.

మరి చలువ కళ్లద్దాలు పెట్టుకుని గేట్లు అతికే వాళ్ల సంగతి? లెక్క చూడండి. ముదురు రంగు చలువ అద్దం కూడా వెలుగులో వందకు పది వంతుల దాకా లోపలికి వదిలేస్తుంది. షేడ్ (నలుపు నంబరు) 10 వెల్డింగ్ అద్దం వదిలేది పదివేలలో ఒకటిన్నర వంతుకు లోపే. ఈ రెండింటికీ పోలికే లేదు. గ్యాస్ కటింగ్ గాగుల్స్ కూడా ఆర్క్‌కు పనికిరావు. వాటి షేడ్ గ్యాస్ మంటకు సరిపోయేంతే, పైగా ముఖమంతా బయటే ఉంటుంది.

మీ పని ఏది?

హెల్మెట్ ఎంపిక షాపులో మొదలవదు. మీరు పనిచేసే చోట మొదలవుతుంది. మన ప్రాంతంలో ఇది బాగా తెలుస్తుంది.

మేడ్చల్ వైపు, 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా గోడౌన్లు, షెడ్లు, గేట్లు, గ్రిల్స్. ఇక్కడ ఎక్కువగా రాడ్ వెల్డింగ్, పెద్ద ఫ్యాబ్రికేషన్ యూనిట్లలో సీఓటూ వెల్డింగ్. కరెంటు ఎక్కువ, స్పాటర్ ఎక్కువ, పని చాలాసార్లు ఆరుబయట. హెల్మెట్ డొప్ప గట్టిగా ఉండాలి. ముందుండే తెల్ల అద్దం, అంటే కవర్ గ్లాస్, తేలిగ్గా దొరికేదై ఉండాలి. ఎందుకంటే దాన్ని తరచూ మారుస్తారు.

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వెళ్తే సీన్ వేరు. జీనోమ్ వ్యాలీ. టీకాలు, మందులు తయారుచేసే ప్లాంట్లలో స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు. అక్కడ ఆర్గాన్ వెల్డింగ్‌కు డిమాండ్. టిగ్ అన్నా అదే. కరెంటు తక్కువ, ఆర్క్ చిన్నది, పని సన్నది. తనంతట తానే నల్లబడే ఆటో హెల్మెట్ చవకదైతే ఒక్కోసారి ఇంత చిన్న ఆర్క్‌ను గుర్తుపట్టదు, మధ్యలో తెల్లబడిపోతుంది. పైపు వెనక్కి వంగి చేస్తే సెన్సర్‌కు పైపే అడ్డొస్తుంది. కాబట్టి ఆ పనికి నాలుగు సెన్సర్లున్న హెల్మెట్ తీసుకోండి. డబ్బా మీద టిగ్‌కు కనీసం ఎన్ని యాంప్స్ అని రాశారో చదవండి.

రెండేళ్ల తర్వాత ఏ దారిన ఉండాలనుకుంటున్నారో ఇప్పుడే ఆలోచించుకోండి. గోల్ స్పష్టంగా ఉంటే డబ్బు రెండుసార్లు ఖర్చు కాదు.

షేడ్ అంటే భయం వద్దు

నంబరు పెరిగే కొద్దీ అద్దం నలుపెక్కుతుంది. ఒక్క నంబరు పెరిగితే లోపలికి వచ్చే వెలుగు రెండున్నర రెట్లకు పైగా తగ్గిపోతుంది. అంటే 10కీ 11కీ తేడా చిన్నది కాదు.

అమెరికన్ వెల్డింగ్ సొసైటీ పట్టిక ఒకటుంది. చాలా చోట్ల వాడేదే. అందులో మీకు కావలసింది ఇంతే:

- రాడ్ వెల్డింగ్, 60 నుంచి 160 యాంప్స్: హాయిగా ఉండేది షేడ్ 10. పన్నెండు గేజీ, పది గేజీ రాడ్లతో చేసే గ్రిల్ పని ఇందులోకే వస్తుంది.
- రాడ్ వెల్డింగ్, 160 నుంచి 250 యాంప్స్: షేడ్ 12.
- సీఓటూ, 60 నుంచి 160 యాంప్స్: షేడ్ 11. 10కి తగ్గకూడదు.
- ఆర్గాన్: 50 యాంప్స్ లోపు షేడ్ 10, ఆపైన 150 దాకా 12.

టెక్నిక్ సింపుల్. ముందు ఎక్కువ నలుపుతో మొదలుపెట్టండి. పూల్ కనిపించకపోతే ఒక నంబరు తగ్గించండి. స్పష్టంగా కనిపించిన చోట ఆగండి. ఆ పనికి చెప్పిన కనీస షేడ్ దాటి కిందికి మాత్రం దిగకండి. "ఎంత నలుపైతే అంత సేఫ్" అనుకుని 13 పెట్టుకునే వాళ్లున్నారు. ఏమీ కనిపించక ముఖం ఆర్క్ మీదికి వంచేస్తారు. పొగంతా ముక్కులోకి వెళ్తుంది. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. హెల్మెట్ పొగను ఆపదు. తల పక్కకు పెట్టుకోవడం మీ పనే.

చేతి షీల్డా, తలకు తగిలించేదా, ఆటోనా?

చేతి షీల్డ్‌తో మొదటి ఇబ్బంది, ఒక చేయి దానికే పోతుంది. కొత్తవారికి రెండు చేతులూ హోల్డర్ మీద ఉంటేనే వణుకు తగ్గుతుంది. ఇది చూడటానికి చిన్న విషయం, ప్రాక్టీసులో చాలా పెద్దది.

తలకు తగిలించే మామూలు నల్ల అద్దం హెల్మెట్ చవక, నమ్మకమైనది, బ్యాటరీ గొడవ లేదు. కష్టమెక్కడంటే, హెల్మెట్ దించగానే చీకటి. తల ఊపి దించే లోపు రాడ్ కొన పక్కకు జరిగిపోతుంది. అతకాల్సిన చోటు వదిలి ఇంకెక్కడో అంటుకుంటుంది. విసుగొచ్చి, టాక్, అంటే చిన్న అతుకు, కొట్టేటప్పుడు కళ్లు మూసుకోవడం అలవాటవుతుంది. ఈ అలవాటే అసలు శత్రువు. రెప్ప ఎప్పుడు మూయాలో రోజుకు వందసార్లు ఎవరూ సరిగ్గా అంచనా వేయలేరు.

ఆటో డార్కెనింగ్ హెల్మెట్ ఈ ముడి విప్పుతుంది. ఆర్క్ లేనప్పుడు అద్దం షేడ్ 3 లేదా 4లో ఉంటుంది, ఎదుట ఉన్నది కనిపిస్తుంది. ఆర్క్ పుట్టగానే సెకనులో పాతికవేలవ వంతులోనే నల్లబడే హెల్మెట్లు ఇప్పుడు మామూలే. స్వీడన్‌లో స్పీడ్‌గ్లాస్ పేరుతో ఇవి 1981లో మార్కెట్‌లోకి వచ్చాయి. అంటే నలభై ఏళ్లు దాటిన టెక్నాలజీ, ప్రయోగం కాదు. "ఒకవేళ నల్లబడకపోతే?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. ప్రమాణాల ప్రకారం తయారైన హెల్మెట్‌లో యూవీ, ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను ఆపే పొర ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, స్విచ్ ఆన్‌లో ఉన్నా లేకపోయినా. ఆ మాటకు విలువ "ప్రమాణాల ప్రకారం" అన్న చోటే ఉంది. ముద్ర లేని చవక సరుకుకు ఈ భరోసా ఎవరిస్తారు?

నా తీర్పు సూటిగా చెబుతాను. నేర్చుకునే వారికి ఆటో హెల్మెట్టే సరైనది. డబ్బు సరిపోకపోతే పేరూ ముద్రా లేని ఆటో హెల్మెట్ కొనకండి. దానికంటే తలకు తగిలించే మంచి మామూలు హెల్మెట్, సరైన షేడ్ అద్దం మేలు. ఆర్నెల్లు కూడబెట్టి అప్పుడు ఆటోకు మారండి.

రాణిగంజ్‌లో అడగాల్సినవి

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ ఉంది. శామీర్‌పేట వారికి రాజీవ్ రహదారి మీద బస్సు. అక్కడి నుంచి వెల్డింగ్ సామాను షాపులుండే రాణిగంజ్ దగ్గరే. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టేయకండి. హెల్మెట్ చెప్పుల్లాంటిది, వేసుకుని చూడాలి.

తలకు పెట్టుకోండి. వెనక నాబ్ బిగించండి. పది నిమిషాలు తీయకండి. మెడ లాగుతోందా? నుదుటి పట్టీ గుచ్చుకుంటోందా? అర కిలో బరువు పెట్టుకోగానే తెలియదు, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద సాయంత్రానికి తెలుస్తుంది. తల ఊపితే దిగుతోందా, జారిపోతోందా? కళ్లజోడు ఉన్నవారు జోడుతోనే పెట్టుకుని చూడండి. దగ్గరి చూపు తగ్గినవారికి లోపల బిగించే భూతద్దం దొరుకుతుంది, దాన్ని పెట్టుకునే చోటుందో అడగండి.

డబ్బా మీద ఈఎన్ 379 అని, దాని పక్కన ఒకటీ ఒకటీ ఒకటీ రెండూ లాంటి నాలుగు అంకెలు చూడండి. అద్దం ఎంత స్పష్టంగా ఉందో చెప్పే మార్కులవి. ఇందులో ఒకటి ఫస్ట్ ర్యాంకు, మూడు ఆఖరు. లేదా అమెరికా ప్రమాణం యాన్సీ జడ్87.1 ఉందా చూడండి.

టెస్ట్ బటన్ నొక్కించండి. బటన్ లేకపోతే హెల్మెట్‌ను చేతిలో దూరంగా పట్టుకుని సెన్సర్ ముందు లైటర్ గీయమనండి. అద్దం టక్కున నల్లబడాలి. బ్యాటరీ మార్చుకునే వీలుందా? సీలు వేసిన బ్యాటరీ అయితే అది అయిపోయిన రోజే హెల్మెట్ కూడా అయిపోతుంది. ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: "దీని కవర్ గ్లాసులు మీ దగ్గర దొరుకుతాయా?" లేవంటే ఆ షాపు మెట్లు దిగిపోండి. దొరికితే అప్పుడే ఓ పది కొనుక్కోండి.

ఇక అలవాటు మీది

వస్తువు కొన్నారు. ఇప్పుడు మనిషి మారాలి. మారతారు, నాకు నమ్మకముంది.

రోజూ పొద్దున రాడ్ పట్టుకునే ముందు కవర్ గ్లాస్ తుడవండి. గీతలు పడితే మార్చండి. నాలుగు రూపాయలు మిగులుతాయని మసక అద్దంతో వారం నెట్టకండి. ఆ వారం మీరు నేర్చుకోవాల్సిన వారం.

ఆర్క్ కొట్టే ముందు "కళ్లు!" అని గట్టిగా అనండి. చుట్టుపక్కల వాళ్లు తిరిగిపోతారు. మొదట నవ్వుతారు. నెల తిరిగేసరికి షాపంతా అంటుంది.

చిన్న టాక్ అయినా సరే, హెల్మెట్ దించకుండా కొట్టనని మీకు మీరే మాటివ్వండి. "ఒక్క టాకే కదా" అనిపించే క్షణాన్ని గెలిస్తే చాలు. అలవాటుకు ఇరవై ఒక్క రోజులని లెక్క పెట్టుకోకండి, ఈ రోజు లెక్క చూసుకోండి.

గ్రైండింగ్ చేసేటప్పుడు హెల్మెట్‌ను గ్రైండ్ మోడ్‌లో పెట్టండి. మళ్లీ వెల్డింగ్‌కు వచ్చేటప్పుడు మోడ్ మార్చారా లేదా, చేత్తో తడిమి చూసుకోండి. మరిచిపోతే ఆర్క్ వెలుగుకు కళ్లు చెదిరిపోతాయి. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ హెల్మెట్‌ను ఎండలో బోర్లించి పెట్టకండి, వేడికి లోపలి తెర పాడవుతుంది.

రాణిగంజ్ బయల్దేరే ముందు ఇవాళే ఒక పని చేయండి. మీ ఉస్తాద్ దగ్గరికి వెళ్లి, "అన్నా, మనం ఎన్ని యాంప్స్ మీద కొడుతున్నాం?" అని అడగండి. ఆయన చెప్పిన నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. షాపువాడు "ఏ షేడ్ కావాలి?" అంటే ఆ కాగితం తీసి చూపించండి.